ఊరు కూల్చిన మా వియ్యపురాలు

పోయిన మంగళవారం పొద్దున మా వియ్యపురాలు కన్నుమూసింది. కోడలు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి "అమ్మ పోయింది అత్తయ్యా" అంది. నా చేతిలో సగం తరిగిన వంకాయ ఉంది. ఆవిడ నాకంటే ఆరేళ్ళు చిన్నది. బస్సెక్కేటప్పుడైనా, గుమ్మం దాటేటప్పుడైనా, చివరికి చెయ్యి కడుక్కునే చోటైనా "మీరు ముందుగాల, వదినా" అని పక్కకు జరిగే మనిషి. మగపెళ్ళివారికి ఇచ్చే ఆ మర్యాదలో ఇన్నేళ్ళలో వెంట్రుకవాసి లోటు చెయ్యలేదు. నన్ను తోసుకుని ముందుకెళ్ళింది రెండు చోట్లే. ఒకటి ఆ మంగళవారం. రెండోది మా తార్నాక ఫ్లాటులో, హాల్లో, టీవీ ముందు.

ఆవిడ క్యాంపస్‌లో అమ్మాయిల హాస్టల్ మెస్‌లో వంట చేసేది. అదే క్యాంపస్‌లో నేను తర్కశాస్త్రం చెప్పేదాన్ని. ఆవిడ చేతి పప్పన్నం తిని వచ్చి నా క్లాసులో నిద్రపోయిన అమ్మాయిలు చాలామందే ఉన్నారు. తప్పు పప్పుదా పాఠానిదా అన్నది మేమిద్దరం ఎన్నడూ తేల్చుకోలేదు. ఆవిడ భర్త చిన్న వయసులోనే పోయాడు. ఉన్నది ఒక్క కూతురు. ఆ పిల్లా మా వాడూ ఆ క్యాంపస్ చెట్ల కిందే ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, మాకు చెప్పేనాటికి ముహూర్తం తప్ప అన్నీ ఖాయం చేసుకున్నారు. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన ఉద్యోగుల సంసారం. ఆవిడది నల్లగొండ పక్క పల్లె, బౌద్ధనగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. మాటలకు వెళ్ళిన రోజు మమ్మల్నందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి తను గోడకానుకుని నిలబడింది. కూర్చోమంటే, "నిలబడి వండే కాళ్లు వదినా, కూసుంటె గుంజుతయ్" అంది. కాళ్ళు గుంజడం కాదని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఊరుకోవడం మా వైపు మర్యాద.

తొంభైల నడుమ మా వాడు అబిడ్స్ నుంచి టీవీకి తగిలించే ఆటపెట్టె ఒకటి తెచ్చాడు. ఆరేళ్ళ కూతురి కోసమన్నాడు. మొదటి వారమంతా తనే ఆడాడు. అందులో ఒక క్యాసెట్టు ఉండేది. పెద్ద నగరం, మేడలు, వంతెనలు, రైళ్ళు. దాని నడుమ పదంతస్తుల ఎత్తు గొరిల్లా ఒకటి, అంతే ఎత్తు పచ్చ బల్లి ఒకటి. ఇద్దరు మనుషులు చెరొక రిమోటు పట్టుకుని వాటిని కొట్టించాలి. మేడలు కూలిస్తే ఒంట్లో బలం పెరుగుతుంది. కూల్చిన మేడ ఎత్తి అవతలివాడి నెత్తిన వెయ్యొచ్చు. మూడు ఆటల్లో రెండు గెలిచినవాడిదే ఊరు, అంటే ఊరు మిగిలితే.

మా వాడు ఉద్యోగం మీద ఊళ్ళు తిరిగేవాడు కనుక రెండో రిమోటు నా చేతికొచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకు బ్రహ్మాండంగా నచ్చింది. పొద్దుటి నుంచీ విభాగంలో అందరితో సౌమ్యంగా మాట్లాడి ఇంటికొచ్చి, కాఫీ తాగి, ఒక నగరాన్ని నేలమట్టం చెయ్యడంలో ఎంత శాంతి ఉందో అది చేసినవాళ్ళకే తెలుస్తుంది. పరిపాలనా భవనంలాంటి మేడ ఒకటుండేది. దాన్ని రెండుసార్లు కొట్టేదాన్ని.

ఆదివారాలు మెస్ పొద్దుటి వంట ముగించుకుని మా వియ్యపురాలు వచ్చేది, డబ్బాలో సర్వపిండి పెట్టుకుని. మనవరాలు ఆవిడనీ ఆటలోకి లాగింది. నేను గొరిల్లా, ఆవిడ బల్లి. ప్రతి ఆదివారం నేనే గెలిచేదాన్ని. ఎందుకంటే ఆవిడ ఒక్క ఇల్లూ కూల్చేది కాదు. బల్లిని మేడల సందుల్లోంచి ఒద్దికగా నడిపించేది.

"అవి బొమ్మ ఇళ్ళు వదినగారూ, కొట్టండి" అనేదాన్ని.

"బొమ్మయైనా కట్టిన్రు గద, వదినా. ఇల్లు కట్టుడంటె ఏందో కట్టుకోనోళ్లకే ఎక్కువ ఎరుక" అనేది.

నేనేమో దీనిమీద సత్యానికీ భ్రాంతికీ తేడా అని చిన్న ఉపన్యాసం ఇచ్చి, వంతెన ఎత్తి ఆవిడ బల్లి వీపు మీద వేసేదాన్ని. విభాగంలో చెప్పుకున్నాను కూడా, నేను ఓటమి ఎరగని గొరిల్లానని.

ఆ రోజుల్లోనే కోడలికి క్యాంపస్‌లో వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ సీటు వచ్చింది. పెళ్ళికి ముందు ఎమ్మెస్సీ చేసి ఆపేసిన పిల్ల. చేరడానికి గడువు ఆ వచ్చే సోమవారం. కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. పాతికేళ్ళు ఆడపిల్లలకు చదువు చెప్పినదాన్ని, కోడలి కాగితం చేతిలోకి రాగానే శుద్ధ అత్తగారినైపోయాను. "పిల్ల ఇంకా చిన్నదమ్మా, రెండేళ్ళాగి చూద్దాం" అన్నాను. మా వాడు పేపర్లో తలదూర్చాడు. "సరే అత్తయ్యా" అంటూ కోడలు కాగితం మడిచి బీరువాలో చీరల కింద పెట్టింది. మా వియ్యపురాలు అక్కడే ఉంది. సర్వపిండి ఇంకొంచెం వేసుకోమంది.

శనివారం మధ్యాహ్నం క్యాంపస్‌లో సభ ఏదో రద్దయి తొందరగా ఇంటికొచ్చాను. తలుపు తీసే ఉంది. లోపల ప్రళయం వినిపిస్తోంది. మనవరాలు అరుస్తోంది: "అమ్మమ్మా, చాలు! నా గొరిల్లా చచ్చిపోయింది, ఇంకా ఎందుకు కొడ్తున్నవ్!"

తొంగి చూస్తే, నేను లేని వేళ వచ్చిన మా వియ్యపురాలు కొంగు నడుముకు చుట్టి, నేల మీద బాసింపట్టు వేసుకుని, వందల మందికి గరిటె తిప్పిన ఆ మణికట్టుతో రిమోటును చెడుగుడాడిస్తోంది. తెర మీద నిలబడిన గోడ లేదు. బల్లి చేతుల్లో రైలుంది.

నన్ను చూసి రిమోటు కింద పెట్టి లేచి నిలబడింది, దొంగతనం పట్టుబడినట్టు. మనవరాలు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. "అమ్మమ్మ నాతో ఎప్పుడూ గెలుస్తది నాయనమ్మా. నీతోనే ఓడిపోతది."

"ఎందుకండీ?" అన్నాను. నా గొంతు నాకే వికారంగా వినిపించింది.

"పిల్లనిచ్చినోళ్లం, వదినా. మేం గెలుసుడు మర్యాద గాదు. మీ మనసు నొస్తది. గా నొప్పి తిరిగి తిరిగి నా బిడ్డ మీదికొస్తది."

ఇంతకంటే పకడ్బందీ తర్కాన్ని నేను పాఠ్యపుస్తకాల్లో చూడలేదు. కోపం మాత్రం ఆగలేదు. ఇన్నాళ్ళూ నేను గెలిచినవన్నీ దానం చేసిన మార్కులన్నమాట! "రేపు నిజంగా ఆడాలి. మీరు గెలిస్తే ఏం కావాలో కోరుకోండి" అన్నాను. అహంకారానికి పోయి అన్న మాట, ఆవిడ అది ఒడిసి పట్టుకుంది.

"ఏమైనన?"

"ఏదైనా."

"నా బిడ్డ సోమవారం యూనివర్సిటీకి పోవాలె."

మొట్టమొదటిసారి ఆవిడ నా కళ్ళలోకి చూసి మాట్లాడింది.

ఆదివారం భోజనాల ముందు మొదలుపెట్టాం. మా వాడు పేపరు మడిచి పెట్టాడు. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడింది. మొదటి ఆట నేనే గెలిచాను. ఆవిడ చెయ్యి కదల్లేదు. పాత అలవాటు బల్లిని మళ్ళీ సందుల్లోకే నడిపించింది. మనవరాలు నెత్తి కొట్టుకుంది. "అమ్మమ్మా, చీటింగ్! నువ్వు కావాలనే!"

రెండో ఆట మొదలైంది. నా గొరిల్లా పరిపాలనా భవనం ఎత్తింది. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి ఒక కేక వినిపించింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఎన్నడూ గొంతు పెంచని పిల్ల:

"కొట్టమ్మా!"

మా వియ్యపురాలు కొంగు నడుముకు చుట్టింది.

"మాఫ్ చెయ్యున్రి వదినా" అని గొరిల్లా మూతి మీద ఒకటి. "తప్పయింది వదినా" అని నీళ్ళ ట్యాంకు పీకి నెత్తిన ఒకటి. ప్రతి దెబ్బకూ క్షమాపణే. ఆ మర్యాదకు నా గొరిల్లా రెండు నిమిషాల్లో నేలకరిచింది. మూడో ఆటలో వోల్టేజి పడిపోయి స్టెబిలైజరు టకటకలాడింది. ఆ క్షణంలో కరెంటు పోతే బాగుండునని నేను కోరుకున్న మాట నిజం, ఇప్పుడు ఒప్పుకుంటే నష్టం లేదు. పోలేదు. బల్లి ఊళ్ళోకెల్లా ఎత్తైన మేడను పునాదితో సహా పీకి, "ఇగ పట్టున్రి వదినా!" అని విసిరింది. మనవరాలు సోఫా ఎక్కి గంతులేసింది. మా వాడు తనెవరి తరఫో మరిచిపోయి చప్పట్లు కొట్టాడు. వంటింట్లో పప్పు మాడింది. కోడలు ఏడుస్తూ నవ్వుతోంది, పప్పు దించే ధ్యాస ఎవరికీ లేదు.

ఓడితే ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు. ఆ సీటు ఆట లేకుండానే ఇచ్చి ఉండొచ్చు కదా అని మీరడగవచ్చు. ఓడిపోతే తప్ప ఇవ్వలేని మనుషులు కొందరుంటారు. నేను ఆ జాతి.

సోమవారం కోడలు వెళ్ళింది. పిల్ల సంగతేమిటని నేను నోరు తెరిచేలోపే మా వియ్యపురాలు మెస్‌లో వంతు మార్పించుకుని వచ్చింది. "పొద్దుగాల నేను, మాపటికి మీరు" అంది. అలా ఆ పిల్లను ఒక బల్లీ ఒక గొరిల్లా పెంచాయి. బాగానే పెరిగింది. కోడలు ఇప్పుడు అదే క్యాంపస్‌లో పాఠం చెబుతోంది. తల్లి వంట చేసిన ఆ హాస్టల్ అమ్మాయిలే ఆమె క్లాసులో కూర్చుంటారు, నిద్రపోరట.

ఆ తర్వాత ఆవిడ నాకు ఒక్క ఆటా దానం చెయ్యలేదు. గుమ్మం దగ్గర మాత్రం "మీరు ముందుగాల" మానలేదు. కుర్చీలో కూడా కూర్చుంది. కాళ్ళు గుంజలేదు.

మంగళవారం బౌద్ధనగర్ వెళ్ళాను. హాస్టల్లో ఆవిడ చేతి అన్నం తిన్న అమ్మాయిలు, ఇప్పుడు జుట్టు నెరిసినవాళ్ళు, సందు చివరి దాకా నిలబడ్డారు. అందరికీ పెట్టి తను ఆఖరున తిన్న మనిషి ముందు వాళ్ళంతా వరసగా నిలబడడం చూసి, గెలిచావు వదినా అనుకున్నాను. పైకి అనలేదు, నాకింకా కొంచెం పరువుంది.

ఆవిడ గెలిచిన ఆ ఆదివారం టీవీ కట్టేసే ముందు తెర వైపు ఇంకోసారి చూశాను. ఊరంతా పొగ. మేడ లేదు, వంతెన లేదు. ఒక మూల మాత్రం ఎర్ర పెంకుల చిన్న ఇల్లొకటి చెక్కుచెదరకుండా ఉంది.

"అదొక్కటీ ఎందుకు వదిలేశారు?" అని అడిగాను.

"గది మీ ఇల్లు, వదినా. నా బిడ్డ గాడ్నే ఉంటది గద."

కూలిన నగరం నడుమ పచ్చ బల్లి రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది, తోక ఆ చిన్న ఇంటి చుట్టూ చుట్టుకుని.