మంచు దేశపు గోమారు

నరేష్‌కుమార్‌కు రంగుల పిచ్చి. దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల దుకాణం నడుపుతూ, కూరగాయల బండి దగ్గర ఆగితే రంగు తీయడానికి ఉల్లిపొట్టు ఏరుకొచ్చేవాడు. నార్వే ఉత్తర తీరాన చేనేత ప్రదర్శనకు పిలిస్తే వెళ్లి, పసుపు రంగిచ్చే బర్చ్ చెట్టు ఆకుల కోసం అక్కడి మోకాలెత్తు గడ్డిలో పడి తిరిగాడు.

ఇంటికొచ్చాక తొడ మీద ఎర్రటి మచ్చ లేచి గుండ్రంగా పాకింది. తల్లి కనకమ్మ చూడగానే తేల్చేసింది.

"సర్పి రా కొడుకా. తలా తోకా కలిస్తే పానం మీదికొస్తది. జాజు రాయించుకో."

కోడలు అరుణశ్రీ డాక్టర్‌కు చూపిద్దామంటే, "సర్పికి సూదులు పడవు, నువ్వూకో" అంది. వీధి చివరి రామస్వామి మంత్రం చదివి, మచ్చంతా ఎర్రటి జాజుమట్టి పులిమాడు. కొన్నాళ్లకు మచ్చ పోయింది. అందరూ రామస్వామిని మెచ్చుకున్నారు.

తర్వాత ఒకనాడు మెట్రో మెట్లెక్కుతూ నరేష్ కళ్లు తిరిగి కూలబడ్డాడు. ఆ మచ్చ అక్కడినుంచి వచ్చాకే లేచిందని గుర్తొచ్చి అరుణశ్రీ నార్వేకు ఫోన్ చేసింది. మచ్చ మాట వినగానే ప్రదర్శన పెట్టినావిడ హడలిపోయింది. చలి తగ్గి, గడ్డిలో పొంచి రక్తం పీల్చే గోమార్లు ఇప్పుడు తమ దాకా వచ్చాయట. కుట్టిన చోట గుండ్రటి మచ్చ లేస్తుందట. వాటి బ్యాక్టీరియా గుండెకూ పాకుతుంది, లైమ్ వ్యాధి అంటారు, మందుంది, ముందు ఈసీజీ తీయించు అంది.

అరుణశ్రీ చెప్పింది విని ఎల్బీనగర్ డాక్టర్ నవ్వాడు.

"గోమార్లా? మా ఊళ్లో గేదెలకుంటాయమ్మా. ఆ మంచులో ఎలా బతుకుతాయి? ఏదీ మచ్చ?"

"పోయింది సార్. సర్పి అని జాజు రాసిన్రు."

"మరి సర్పే కదా! ఈ వయసులో గుండేంటి? గ్యాస్."

"ఒక్క ఈసీజీ తీయుండ్రి సార్, మీ కాళ్లు మొక్కుత."

"ఫోన్లో చూసి మీరే డాక్టర్లయిపోతే నేనెందుకు?" అని గోలీలు రాసిచ్చి తర్వాతి పేషెంటు కోసం గంట కొట్టాడు.

ఇంకో దవాఖానకు పోదామంటే నరేషే మొండికేశాడు. "పెండ్లి చీరల బేరమొస్తున్నది. రేపు పోదాం తీయ్."

మర్నాడు దుకాణంలో చీర మడత విప్పి చూపిస్తూనే ఒరిగిపోయాడు.

దశదినకర్మ నాడు నరేష్ మేనమామ అంతయ్య నిట్టూర్చాడు. "రాత గట్లున్నది బిడ్డా."

"రాత అనకు మామా!" అరుణశ్రీ అరిచింది. "మందున్న రోగం. ఒకరు పూసి దాచిన్రు, ఒకరు నవ్వి పంపిన్రు. మీరే చంపి, రాత అంటరా?"

కనకమ్మ ఆమె చేయి పట్టుకుంది. "నాకేం తెల్సు బిడ్డా? 'తెల్వక చేసినవత్తా, పోనీ' అని ఒక్క మాట అను."

అరుణశ్రీ చేయి విడిపించుకుంది.

"తెలిసి చేసినవని అననత్తమ్మా. 'పోనీ' అని మాత్రం నా నోట రాదు."