తోటికోడలి తెల్లకారు

మెర్సీ ఒకరి సొమ్ముకు ఆశపడే మనిషి కాదని భీమడోలులో ఆమెను ఎరిగినవాళ్ళంతా చెబుతారు. పద్దెనిమిదేళ్ళుగా టీచరు ఉద్యోగం చేస్తోంది. పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి, చేపల చెరువుల గట్ల మీదుగా కొల్లేటి లంకలో ఉన్న బడికి వెళ్తుంది. వానాకాలమైతే సాయంత్రం చెప్పుల నిండా బురదతో తిరిగొస్తుంది. భర్త నెల్సన్ రైల్వేలో పని చేస్తాడు. ఉన్నదాంట్లో సర్దుకోవడం ఆ ఇంట్లో అందరికీ అలవాటే. అలాంటి మెర్సీకి, పక్క వాటాలో ఉండే తోటికోడలు లిడియా వాకిట్లో ఓ మధ్యాహ్నం తెల్లకారు వచ్చి ఆగేసరికి, తింటున్న అన్నం గొంతు దిగలేదు.

కారు కొత్తదేం కాదు. ఏలూరు బైపాస్ పక్కన పాత కార్లు అమ్మేచోట కొన్నారు. అయినా చూపులకి కొత్తదానికి ఏమాత్రం తీసిపోదు. లిడియా భర్త ఆనంద్ పాల్ నెల్సన్‌కి సొంత తమ్ముడు. కలిదిండి వైపు రొయ్యల చెరువులకి మేతా మందులూ అమ్మే కంపెనీలో తిరుగుడు ఉద్యోగం అతనిది. లిడియా ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది.

"రండక్కా, ఒకసారి కూర్చోండి. సీటు ఎంత మెత్తగా ఉందో" అంటూ లిడియా చెయ్యి పట్టుకుని లాగింది.

"చేతికి కూరంటింది లిడియా. తర్వాత కూర్చుంటాలే" అని మెర్సీ లోపలికి వచ్చేసింది. ఆ తర్వాత అనేది ఎనిమిది నెలలైనా రాలేదు.

అసలు ముల్లు కారు కాదు, అత్తగారు. రత్నమ్మగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలన్నా, గూడెంలో ఉన్న ఆవిడ చెల్లెల్ని చూపించుకురావాలన్నా ఇన్నేళ్ళూ మెర్సీయే. బస్సులో కిటికీ పక్క సీటు ఆపిపెట్టి, మంచినీళ్ళ సీసా పట్టుకుని, దిగేటప్పుడు చెయ్యి అందించింది మెర్సీయే. ఇప్పుడు ఆదివారం వస్తే రత్నమ్మగారు తెల్లచీర కట్టుకుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని, లిడియా కారులో ముందు సీట్లో కూర్చుని చర్చికి వెళ్తున్నారు. వెనకాల స్కూటరు మీద నెల్సన్, మెర్సీ. జల్లు పడిన రోజున ఆ కారు చక్రాలు చిమ్మిన నీళ్ళు తన చీర కుచ్చిళ్ళ మీద పడితే, కావాలనే చిమ్మినట్టు అనిపించేది మెర్సీకి.

"ఏసీ వేస్తే ఫ్యాను కింద కూర్చున్నట్టు కాదే మెర్సీ, మేఘంలో కూర్చున్నట్టుంది" అని అత్తగారు చెబుతుంటే, "అవునాండీ" అనేది. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయేది. నువ్వూ రామ్మా అని ఎన్నిసార్లు పిలిచినా, కారెక్కితే కడుపులో తిప్పుతుందని అబద్ధం చెప్పింది. కలిదిండిలో పెళ్ళికి వాళ్ళంతా కారులో వెళ్తే తను రెండు బస్సులు మారి వెళ్ళింది. వెళ్ళేసరికి వధూవరులు ఫొటోలు దిగడం కూడా అయిపోయింది. చల్లారిన పులిహోర తింటూ, కారు పక్కన నిలబడి ఎవరితోనో నవ్వుతున్న లిడియాని చూసింది. ఆ నవ్వు తన గురించేనని గట్టిగా నమ్మింది.

పాస్టరుగారు అసూయ మీద ప్రసంగం చేసిన ఆదివారం నాడు మెర్సీ తలెత్తలేదు. ఆ మధ్యాహ్నమే నెల్సన్‌తో అంది, "మనం కూడా కారు కొనాలి."

"రైలుంది, బస్సుంది, స్కూటరుంది. కారేం చేసుకుంటావు?"

"లిడియా ఏం చేసుకుంటోంది?"

నెల్సన్ చదువుతున్న పేపరు మడిచాడు. "అదా సంగతి. ఇంకో రెండేళ్ళు ఆగు మెర్సీ. నిదానంగా, కొత్తదే తీసుకుందాం."

రెండేళ్ళు. రెండేళ్ళపాటు రోజూ ఆ తెల్లకారుని రాసుకుంటూ గేటు దాటాలి. తన వల్ల కాదనుకుంది. వేసవి సెలవుల్లో ట్రైనింగ్ ఉందని ఇంట్లో చెప్పి, ఏలూరులో డ్రైవింగ్ స్కూల్లో చేరింది. నలభై మూడేళ్ళ వయసులో క్లచ్చూ బ్రేకూ తేడా తెలియక మొదటి వారమంతా చెమటలు కక్కింది. స్టీరింగ్ పట్టుకున్న ప్రతిసారీ ఒకటే ఆలోచన. లిడియాకి కారు ఉందిగానీ తోలడం రాదు. తనకి వస్తుంది. లైసెన్సు చేతికొచ్చాక నెల్సన్‌కి చూపించింది. అతను కాసేపు ఆ కార్డుని అటూ ఇటూ తిప్పి, ఇక ఆపలేననుకున్నాడో ఏమో, సరేనన్నాడు.

ఒక్కటే షరతు పెట్టింది మెర్సీ. కొంటే లిడియాదానికంటే చిన్నది కొనేది లేదు.

కాబట్టి ఆమె కాళ్ళు నేరుగా ఏలూరు బైపాస్‌లో అదే దుకాణానికి నడిచాయి. అక్కడ బూడిదరంగు కారొకటి కనబడింది. తెల్లకారుకంటే జానెడు ఎత్తు, మూరెడు పొడుగు, ధర మాత్రం నమ్మలేనంత తక్కువ. నెల్సన్ ఫోనొచ్చి బయటికి వెళ్ళినప్పుడు, వీళ్ళెవరో అప్పటికే కనుక్కున్న దుకాణం ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. "మీ తోటికోడలుగారిదీ ఇదీ ఒకే చోటు నుంచి ఒకేసారి వచ్చాయండి. అప్పుడు ఆవిడకి దీని మీద మనసుంది గానీ అందలేదు పాపం. మీకు రాసిపెట్టుందండీ."

ఆ ఒక్క మాటతో మెర్సీ మనసులో కారు కొనేసింది.

నెల్సన్ మాత్రం ఫారూఖ్ చూడకుండా అడ్వాన్సు ఇవ్వనన్నాడు. ఫారూఖ్ అతనితో చదువుకున్నవాడు, తాడేపల్లిగూడెంలో మెకానిక్ షెడ్డు నడుపుతాడు. శనివారం వచ్చాడు. అందరిలా ముందు బానెట్ ఎత్తలేదు. డ్రైవరు సీట్లో కూర్చుని, తలుపులు వేసుకుని, కాసేపు గాలి పీల్చాడు. తర్వాత సీటుబెల్టు పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. మామూలుగా వచ్చేంత వచ్చాక కూడా ఆపలేదు. ఇంక రాదు అన్నదాకా లాగి, "ఇటు రండి టీచరుగారూ" అని పిలిచాడు.

బెల్టు చివర, ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే భాగం మీద, గీత గీసినట్టు మట్టిరంగు మరక.

"నీళ్ళలో మునిగిన బండండి ఇది. బెజవాడ వరదలప్పుడు ఇలాంటివి చాలా మునిగాయి. కడిగి, పాలిష్ పెట్టి, సీటు కవర్లు మార్చి అమ్మేస్తారు. బెల్టు చివరిదాకా లాగి కడిగేవాడు ఎవడుంటాడండీ."

"మరకేగా బాబూ, తడిసింది ఆరిపోదా?" అంది మెర్సీ. ఆ మాట తనకే వింతగా వినిపించింది.

"చీరైతే ఆరుతుందండి. దీన్నిండా వైర్లున్నాయి. ఇవాళ బాగానే తిరుగుద్ది. ఆర్నెల్లకో ఏడాదికో ఒక్కోటీ చచ్చిపోతా ఉంటాయి. ముందు ఏది పోద్దో ఎవరూ చెప్పలేరు. లైటు పోవచ్చు, బ్రేకూ పోవచ్చు." కింద పరిచిన కార్పెట్ అంచు పైకెత్తి, తుప్పు పట్టిన మరలు చూపించాడు.

"పైపైన బాగుచేయిస్తే..." అని మెర్సీ ఇంకోసారి అంది. నెల్సన్ భార్య వంక ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఆ బేరం అక్కడితో వదిలేశారు.

తిరుగు బస్సులో కిటికీలోంచి చెరువులు చూస్తూ కూర్చుంది. గుండుగొలను దాటాక ఒక్కసారిగా దుకాణం ఆయన మాట గుర్తొచ్చింది. ఒకే చోటు నుంచి, ఒకేసారి.

ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలంటే, మెర్సీకి ముందు కలిగింది భయం కాదు, జాలీ కాదు. సంతోషం. ఎనిమిది నెలలుగా గుండెల మీద కూర్చున్న బరువేదో దిగినట్టయింది.

మర్నాడు ఆదివారం. అత్తగారు అలవాటుగా "నువ్వూ రామ్మా" అన్నారు. మెర్సీ వెళ్ళి తెల్లకారు వెనక సీట్లో కూర్చుంది. అందరూ ఆశ్చర్యపోయారు. కారంతా మల్లెపూల సెంటు వాసన, తల దిమ్మెక్కేంత. మెర్సీ బెల్టు పట్టుకుని చివరిదాకా లాగింది.

"ఏంటక్కా, అంత లాగుతున్నారు?" అంది పక్కన కూర్చున్న లిడియా.

"గట్టిగా ఉందో లేదో చూస్తున్నా."

మరక ఉంది. బూడిదరంగు కారుకున్నంత కాకపోయినా, ఉంది. మెర్సీ బెల్టు మెల్లగా వదిలేసింది. ఆ పూట చర్చిలో పాటలు గొంతెత్తి పాడింది.

రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. నెల్సన్‌కి కూడా. పొద్దున్నే లిడియా బకెట్టూ గుడ్డా పట్టుకుని కారు తుడుస్తుంటే, కాఫీ తాగుతూ గుమ్మంలో నిలబడి చూసేది. తుడువు తుడువు, ఎంత తుడిచినా పోని మరక నాకు తెలుసు అనుకునేది. ఆ రెండు వారాలూ లిడియాతో చాలా తీపిగా మాట్లాడింది. చేపల పులుసు కూడా పంపింది.

మూడో వారం బుధవారం నాడు రత్నమ్మగారు ఏలూరు కంటి ఆసుపత్రి నుంచి వచ్చి, గడపలో కూర్చుని కాళ్ళు చాపుకుంటూ చెప్పారు. "ఇవాళ భలే వింతలే. దారిలో వాన. అద్దం తుడిచే పుల్లలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఏమీ కనపళ్ళేదంట ఆనంద్‌కి. ఎదర లారీ ఉంది. బ్రేకేస్తే మొదటిసారి పట్టలేదంట, రెండోసారి గట్టిగా తొక్కితే ఆగింది. నేను ముందు సీట్లోంచి కిందకి జారిపోయాను."

ఆవిడ నవ్వుతున్నారు. మోకాలి దగ్గర చర్మం దోక్కుపోయింది. మెర్సీ వంగి ఆ మోకాలు చూసింది. తెలిసీ తను ఊరుకోవడం, ఈవిడని చేజేతులా ఆ సీట్లో కూర్చోబెట్టడమే అయింది. వెంటనే పక్క వాటాలోకి వెళ్ళింది.

లిడియా మిషను మీద ఉంది. మెర్సీ నిలబడే చెప్పేసింది. "ఆ కారు వరదలో మునిగింది లిడియా. ఇంక ఎవరూ ఎక్కొద్దు."

మిషను ఆగింది.

"నాకు తెలుసక్కా."

"తెలుసా?"

"కొన్న రెండో నెల్లోనే. కార్పెట్ తీసి ఉతుకుదామని లేపితే కింద ఒండ్రు. వాసన రాకుండా సెంటు కొడుతున్నాను. ఈయనక్కూడా చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదే?"

"చెబితే అందరికీ తెలుస్తుంది. మీరు నవ్వుతారు." లిడియా చేతిలో గుడ్డ మిషను మీద పడేసింది. "మీకు ఉద్యోగం ఉంది. టీచరుగారని ఊళ్ళో లేచి నిలబడతారు. అత్తయ్యగారు ప్రతిదానికీ మెర్సీ మెర్సీ అనేవారు. నేనొచ్చిన పదకొండేళ్ళలో నా వైపు తిరిగింది ఆ కారొచ్చాకే. బ్రేకుల దాకా వస్తుందనుకోలేదక్కా. వాసనే అనుకున్నాను."

మెర్సీ పక్కనున్న స్టూలు మీద కూలబడింది. తనని చూసి కూడా ఒకరు ఏడుస్తారని ఎప్పుడూ అనుకోలేదు. "నాకూ రెండు వారాల క్రితమే తెలిసింది" అంది చివరికి.

లిడియా తలెత్తింది. "రెండు వారాలా? ఆ రోజు బెల్టు లాగింది అందుకా?"

"ఊఁ."

"అయితే ఆ పులుసూ..." అని ఆపేసి, లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పది రోజులు తోటికోడళ్ళిద్దరికీ మాటల్లేవు.

కారు సంగతి మాత్రం అన్నదమ్ములు చూసుకున్నారు. ఫారూఖ్ వచ్చి కార్పెట్‌లన్నీ లేపి ఫొటోలు తీశాడు. వాటిని పట్టుకుని ఆనంద్ పాల్, నెల్సన్ నాలుగుసార్లు బైపాస్‌కి తిరిగారు. దుకాణం ఆయన ముందు బుకాయించాడు. తర్వాత పోలీసు కంప్లయింట్ అనేసరికి, కొన్న ధరలో కొంత కోసుకుని కారు వెనక్కి తీసుకున్నాడు. వాకిలి బోసిపోయింది. మెర్సీ ఎన్నాళ్ళుగానో కోరుకున్నది అదే. అయినా ఆ ఖాళీ చూస్తే సంతోషం రాలేదు.

నవంబరులో ఫారూఖ్ ఫోన్ చేశాడు. "గణపవరంలో సుందరరావుగారని రిటైరైన హెడ్మాస్టరుగారి బండి ఉంది. చిన్నది. ఏడేళ్ళయింది గానీ పువ్వులా చూసుకున్నారు. మీరు ఏ రోడ్డు మీద తిప్పుతారండీ ఎక్కువ?"

ఇన్నాళ్ళలో తనని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదని, తనకు తనూ వేసుకోలేదని మెర్సీకి తట్టింది. "చెరువు గట్ల మీద. బడికి" అంది.

"అయితే అదే మీకు సరైనది. పెద్దదైతే ఎదురుగా ట్రాక్టరొస్తే చెరువులోకి దిగాల."

గణపవరం వెళ్ళి చూశారు. ముందుగా మెర్సీయే బెల్టులన్నీ చివరికంటా లాగింది. హెడ్మాస్టరుగారు ఏమీ అనుకోకుండా, అదీ చూడండమ్మా అని డిక్కీలో స్పేరు చక్రం కూడా తీసి చూపించారు. కారు లిడియాదానికంటే బాగా చిన్నది, రంగు వెలిసిన నీలం. తీసుకున్నారు. గట్టు మీద మొదటిరోజు వెనక్కి నడపాల్సి వచ్చి, రెండు వైపులా చెరువులు చూసి మెర్సీకి నోరెండిపోయింది. అయినా బడికి చేరింది.

డిసెంబరులో ఒక సాయంత్రం లిడియా వచ్చి గుమ్మంలో నిలబడింది. మాటలు మళ్ళీ మొదలయ్యాయిగానీ మునుపటంత చనువు ఇంకా రాలేదు. "అక్కా, నాక్కూడా నేర్పిస్తారా? గణపవరం, గూడెం నుంచి కుట్టుపని వస్తోంది. ఆయన కోసం చూస్తే ఆయనెప్పుడూ ఊళ్ళమీదే."

మెర్సీ ఒప్పుకుంది. రైల్వే క్వార్టర్ల వెనక ఖాళీ స్థలంలో ఆదివారాలు నేర్పింది. తనకి నెలన్నర పట్టిన పని లిడియాకి ఎనిమిది పాఠాల్లో పట్టుబడింది. మిషను తొక్కిన కాళ్ళేమో, క్లచ్ మీద పాదం వెన్నలా కదిలేది. తొమ్మిదో ఆదివారం రెండు స్తంభాల మధ్యన ఒక్క పట్టులో వెనక్కి తెచ్చి పెట్టింది. మెర్సీకి ఈ రోజుకీ అది రెండుమూడు సార్లు ముందుకీ వెనక్కీ ఆడిస్తేగానీ రాదు.

"బాగా పెట్టానా అక్కా?" అంది లిడియా అద్దం దించి.

మెర్సీకి లోపల ఎక్కడో చురుక్కుమంది. బాగా ఎరిగిన నొప్పే. "బాగానే పెట్టావులే" అని, "ఇంకోసారి పెట్టి చూపించు, చక్రం ఎప్పుడు తిప్పుతున్నావో చూస్తాను" అంటూ పక్క సీట్లోకి ఎక్కి కూర్చుంది.