రెండు సీసాల దోసకాయ

మా ఆయన రిటైరయ్యాక, మా అమీర్‌పేట అపార్ట్‌మెంట్ మేడ మీద మూడు నీలం డ్రమ్ములు పెట్టారు. వంటింటి చెత్త, ఎండుటాకులు, పేడ వేసి ఎరువు చేసి, అందులోనే కూరగాయలు పండించేవారు. ఎక్కడో క్లాసుకు పోయి నేర్చుకున్నారట, ఆవు కొమ్ములో పేడ కూరి మట్టిలో పాతాలని, చంద్రుణ్ని చూసి విత్తనం వేయాలని. నేను చదివింది నాలుగో తరగతి. అయినా నాకు నవ్వొచ్చింది.

"పున్నమి చూసి విత్తనాలేస్తున్నరని పాస్టర్ గారికి చెప్పనా?"

"చెప్పు పో. ఈస్టర్ సుత చంద్రుణ్ని చూసే పెడ్తరు, అడుగు."

నేను అడగలేదు. బజారు దోసకాయ కన్నా మా డ్రమ్ములో కాసింది మంచిదని ఆయన వాదన. రుచి ఒకటేగా అన్నాను.

"రుచి కాదే, నిలువ చూడాలె" అంటూ, నేను కడిగి దాచుకున్న జామ్ సీసాలు రెండు తీసుకున్నారు. ఒకదాంట్లో మాది, ఒకదాంట్లో పంజాగుట్టలో బండి మీద కొన్నది ముక్కలు కోసి వేసి, మూతపెట్టి హాల్లో అలమర మీద ఉంచారు. మంచి మట్టిలో పెరిగింది తొందరగా కుళ్లదట. పేర్లు రాసి అంటించమన్నాను.

"కుడిది మనది. గంత సుత యాదుండదా?" అన్నారు.

ఆ వారంలోనే పోయారు. ఆస్పత్రి దాకా తీసుకెళ్లే వ్యవధి కూడా లేకపోయింది.

పోయినవాళ్ల ఇంట్లో పెట్టే ప్రార్థన, ఆదరణ కూడికకని చర్చి సంఘంలోని ఆడవాళ్లు వచ్చి హాలు ఖాళీ చేశారు. అలమర మీద ఉన్నవన్నీ తెచ్చి వంటింట్లో సర్దారు. నేను ఏడవలేదు. టీకి పాలు సరిపోతాయా అని చూసుకున్నట్టు మాత్రం గుర్తు.

కొన్నాళ్లకు, పక్క హాస్టల్ పిల్లలు వాసనంటున్నారు, మేడ మీదవి తీసేయండని అసోసియేషన్ వాళ్లు మా కొడుక్కి చెప్పారు. వాడు ఆ సీసాలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఒకదాంట్లో ముక్కలు నల్లబడి నీరుకారిపోయాయి. రెండోదాంట్లో ముడుచుకున్నాయి గానీ కుళ్లలేదు.

"అమ్మా, ఏది మనది? గీ మంచిది మనదైతే నేను పోయి కొట్లాడ్త. డాడీ మట్టిని ఉట్టిగ పోనియ్య."

"కుడిది అన్నరు మీ డాడీ."

"ఇప్పుడు కుడేది, ఎడమేది? వంటింట్లకెళ్లి తెచ్చిన గద."

"అయితే తెల్వదు."

"మంచిదే మనదనుకుందాం. ఎవరడుగుతరు?"

కళ్లతో చూడనిది ఆయన ఎన్నడూ చూశానని చెప్పలేదు. నోరు కదిలిస్తే చాలు, డ్రమ్ములు ఉండేవి.

"తెల్వదన్న గదరా" అన్నాను. వాడు ఫోన్ తీసి, మట్టి పట్టుకపొమ్మని మొక్కల నర్సరీ అతనికి చెప్పాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి నర్సరీ అతను ఆటో ట్రాలీతో ఉన్నాడు. మేడ మీదికి వచ్చి, గుప్పెడు మట్టి తీసి వాసన చూశాడు.

"మస్తున్నదమ్మా. అడివి మట్టి లెక్క ఉన్నది."

కొడుకు నా ముఖంలోకి చూశాడు. నాలో ఏమీ కదల్లేదు.

"మట్టి పట్టుకపో. డ్రమ్ములు ఖాళీ చేసి తెచ్చియ్యి, ఎండకాలం నీళ్లకు పనికొస్తయ్" అని చెప్పి, కూర చేయడానికి కిందికి దిగాను.