ఇద్దరూ కలిసి రావాలి

వీధిలో అందరూ అతన్ని లిఫ్టాయన అనే పిలిచేవారు. పెద్ద భవనాల్లో లిఫ్టులు మొరాయిస్తే వెళ్లి బాగుచేసే పని. ఒంటినిండా గ్రీజు, నోటినిండా వేళాకోళం. "ఎలా ఉన్నావోయ్?" అని ఎవరడిగినా "ఏముంది, పైకీ కిందకీ" అనేవాడు. భార్య పుస్తకాలు బైండింగు చేసే దుకాణంలో పనిచేసేది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. ఇద్దరివీ కథోలిక కుటుంబాలే. కాకపోతే ఆదివారం పూజ ఆమెకి ఊపిరి. అతనికి ఇస్త్రీ చొక్కా తొడుక్కునే సందర్భం.

రెండో కాన్పులో ఆమె చావు అంచుదాకా వెళ్లొచ్చింది. మొదటిసారిలాగే పొట్ట కోసి బిడ్డను తీశారు. బాబు క్షేమం, ఆమెకే రక్తం ఆగలేదు. పెద్దపిల్లని చంకనేసుకుని లిఫ్టాయన ఆసుపత్రి వరండాలో గోడకి అతుక్కుపోయాడు. ఆ పూట అతని నోట ఒక్క జోకూ రాలేదు. ఎలాగైతేనేం, మనిషి దక్కింది.

కాస్త తేరుకున్నాక డాక్టరమ్మ ఇద్దరికీ చెప్పింది. "గర్భసంచి బాగా దెబ్బతింది. కొన్నేళ్లదాకా మళ్లీ నెల తప్పకూడదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేసుకుంటే ఏ బెంగా ఉండదు. ఆలోచించుకోండి."

ఆలోచించడానికేముందో అతనికి అర్థం కాలేదు. "ఎప్పుడు చేస్తారండీ?" అన్నాడు.

మంచం మీంచి ఆమె మెల్లగా అంది. "నాకొద్దండీ. అది మన చర్చి సభ ఒప్పుకోదు. నా మనసూ ఒప్పుకోవడం లేదు."

ఇంటికొచ్చాక రభస మొదలైంది. "నీ ప్రాణం కన్నా రూలు ఎక్కువా? రేపు నీకేదన్నా అయితే ఈ ఇద్దర్నీ మీ ఫాదర్‌గారు పెంచుతారా?" అని అరిచాడు. ఆమె బాబుని భుజాన వేసుకుని అటు తిరిగింది. అలా తిరిగినప్పుడు ఆమె భుజాలు వణకడం అతను చూశాడు. కోపం ఎటు పోవాలో తెలియక తిన్నగా ఫాదర్‌గారి మీదికి మళ్లింది.

ఫాదర్‌గారు తన గదిలో చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నారు. లిఫ్టాయన కూర్చోకుండానే అందుకున్నాడు. "మీకేం ఫాదర్, పెళ్లామా పిల్లలా! ఒంటరి మంచం మీద పడుకుని మాకు నీతులు చెబుతారు."

ఫాదర్‌గారు సూది పక్కన పెట్టి నవ్వారు. "అదీ నిజమే. కాకపోతే దూరంగా ఉండడం ఎంత కష్టమో నాకు కాస్త తెలుసులే. కూర్చో."

కూర్చున్నాడు.

"సభ ఎడాపెడా కనమని చెబుతోందని ఎవరన్నారు నీతో?" అడిగారాయన. "సభ చెప్పే సహజ ధర్మం అంటే ఏది ఎలా జరిగితే అలా జరగనీ అని కాదయ్యా. దేవుడు మనిషిని ఎలా చేశాడో బుద్ధితో చూసి, దానికి తగ్గట్టు నడుచుకోవడం. ఆలుమగల కలయికలో రెండున్నాయి. ఒకరికొకరు పూర్తిగా ఇచ్చుకోవడం, బిడ్డకి తలుపు తెరిచి ఉంచడం. ఆ రెంటినీ మన చేత్తో విడగొట్టొద్దంటుంది సభ. కానీ ఆడమనిషి ఒంట్లో బిడ్డ నిలవని రోజులు దేవుడే పెట్టాడు. గట్టి కారణం ఉన్నప్పుడు వాటిని తెలుసుకుని, మిగతా రోజుల్లో ఆగడం తప్పు కాదు. నీ భార్య ప్రాణం కన్నా గట్టి కారణం ఇంకేముంది?"

"అంటే ఆగాల్సింది నేనా?"

"ఇద్దరూ. కానీ ఎక్కువ గింజుకునేది నువ్వే అనుకుంటా."

లిఫ్టాయనకి నవ్వొచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. ఇందులో తనకి తెలిసింది అంతవరకేనని చెప్పి, ఫాదర్‌గారు ఆ పద్ధతి నేర్పే ఒక నర్సమ్మ దగ్గరికి వెళ్లమన్నారు.

నర్సమ్మ ఇల్లు రెండు వీధుల అవతల. లిఫ్టాయన భార్యని గుమ్మం దగ్గర దించి, "నేనిక్కడే ఉంటాలే" అన్నాడు.

"అయితే ఇద్దరూ వెనక్కి వెళ్లండి" అంది నర్సమ్మ. "ఆమె ఒక్కతే నేర్చుకుంటే ఇది పనిచెయ్యదు నాయనా. కలిసి రావాలి."

చెవులు ఎర్రబడగా లోపలికెళ్లాడు. ఒంటి వేడి ఎప్పుడు పెరుగుతుంది, గర్భం నిలిచే రోజుల్ని ఏ గుర్తులు చెబుతాయి, అన్నీ ఆవిడ వంట నేర్పినంత మామూలుగా చెప్పుకుపోయింది. వింటూ వింటూ తల ఎత్తాడు. ఇన్నేళ్ల కాపురంలో భార్య ఒంట్లో ఏం జరుగుతుందో తనకి ఇసుమంతైనా తెలియదు. ఎన్నడూ అడగనూ లేదు. వాళ్లు డాక్టరమ్మకీ ఈ సంగతి చెప్పారు. "ఇద్దరూ పద్ధతిగా ఉంటేనే సుమా. ఏ మాత్రం తేడా అనిపించినా నా దగ్గరికి రండి" అందావిడ.

మొదట్లో నరకమే. చీటికీ మాటికీ విసుక్కునేవాడు, దుప్పటి చంకన పెట్టుకుని ముందుగదిలోకి పోయేవాడు. ఇదివరకు ఎంత పోట్లాడుకున్నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంటే సరిపోయేది. ఇప్పుడా దారి మూసుకుపోయేసరికి నోరు విప్పక తప్పలేదు. వేళాకోళం తప్ప వేరే మాట ఎరగని మనిషికి అది లిఫ్టు గుంటలో దిగడం కన్నా కష్టమైంది.

"ఇవాళ ఎలా ఉంది ఒంట్లో?" అని పొద్దున్నే అడగడం అలవాటైంది. అడిగాక వినడం అలవాటైంది. ఆమె కూడా దుకాణం కబుర్లు, కాన్పునాటి భయం, ఒక్కొక్కటే బయటపెట్టింది. "ఆ రోజు నన్ను లోపలికి తీసుకెళ్తుంటే, మీరు పిల్లకి జడ వెయ్యగలరా అనే ఆలోచించానండీ" అంది ఓసారి. అతను ఆ ఆదివారమే జడ వెయ్యడం నేర్చుకున్నాడు. వంకరటింకరగా కుదిరింది. పిల్ల అలాగే పూజకొచ్చింది.

మధ్యలో ఓ నెల ఆమెకి నెలసరి ఆలస్యమైంది. లిఫ్టాయన పని వదిలేసి ఆమెని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. గర్భం కాదు, జ్వరం వచ్చి తగ్గింది కదా, దానివల్ల అన్నారు. ఆసుపత్రి మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆమె పక్కన కూర్చుంది. "నాకూ భయమేస్తుందండీ. నమ్మకం ఉన్నవాళ్లకి భయం ఉండదనుకోకండి."

"మరెందుకే ఇంత మొండితనం?"

"మీరు నన్ను పొద్దున్నే అడుగుతారే, ఎలా ఉన్నావని. అది పోగొట్టుకోవడం నాకిష్టం లేదు."

అతను కళ్లు తుడుచుకున్నాడు. ఇక ముందు ఇంకా జాగ్రత్తగా ఉండాలని ఇద్దరూ అనుకున్నారు. అలాగే ఉన్నారు కూడా.

ఏళ్లు గడిచాయి. బాబు బడికి వెళ్లసాగాడు. పరీక్షలన్నీ చేసి, గాయం బాగా మానిందని, కావాలంటే ఇంకొక బిడ్డని కనొచ్చని డాక్టరమ్మే చెప్పింది. ఈసారి వెనక్కి తగ్గింది లిఫ్టాయన. ఆ వరండా ఇంకా అతని కళ్లలోనే ఉంది. ఆమె తొందరపెట్టలేదు. చాలా నెలలు మాట్లాడుకున్నారు. చివరికి ఓ సాయంత్రం అన్నం వడ్డిస్తుంటే అతనే అన్నాడు. "సరే. తెలిసి తెలిసి తలుపు తీద్దాం."

కాన్పు రోజున ఆసుపత్రిలో రక్తం ముందే సిద్ధంగా ఉంచి, పొట్ట కోసి బిడ్డను తీశారు. ఆ రక్తం అవసరం రాలేదు. ఆడపిల్ల. బిడ్డని చేతికివ్వబోతే లిఫ్టాయన "ముందు ఆవిడ?" అన్నాడు. "కబుర్లు చెబుతోందయ్యా" అని నవ్వింది డాక్టరమ్మ.

ఇంటికొచ్చిన వారానికి పెద్దపిల్ల ఉయ్యాల ఊపుతూ, "నాన్నా, తమ్ముడికి కూడా ఊపడానికి ఇంకో చెల్లి తెద్దాం" అంది. ఆలుమగలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆమె కుట్లు నొప్పెడుతున్నా పొట్ట పట్టుకుని నవ్వింది.

"ముందు దీన్ని నిద్రపోనివ్వవే తల్లీ" అన్నాడు లిఫ్టాయన.