ఆర్ట్ ఫెయిర్‌లో నేను మింగిన మూడు గింజలు

మొన్న ఆదివారం విజయనగరంలో నేను చచ్చిపోయానండీ! నవ్వకండి. పదకొండున్నర నుంచి దాదాపు ఒంటిగంట దాకా, ఏసీ హాల్లో, మొదటి వరసలో, పట్టుచీర కట్టుకుని మరీ చచ్చిపోయాను. ఇదిగో, ఇప్పుడు మీ ముందు కూర్చుని టీ తాగుతున్నాను గానీ, ఆ గంటన్నరా నేను పడ్డ భయం పగవాళ్ళకి కూడా వద్దు.

మా అమ్మాయి హారిక ఫైన్ ఆర్ట్స్ చదివింది కదా. విజయనగరంలో ఒక కల్యాణమండపం మొత్తం తీసుకుని ఆర్ట్ ఫెయిర్ పెట్టారు. బొమ్మలూ, విగ్రహాలూ, ఇంకా ఏమనాలో తెలీనివి బోలెడు. పక్క హాల్లో రోజూ టాక్స్. అంటే ఆర్టిస్టుని స్టేజీ మీద కూర్చోబెట్టి, ఇదెందుకు చేశావు నాయనా అని జనం ముందు అడగడం. ఆ అడిగే పని మా హారికకి ఇచ్చారు. పిల్ల మైకు పట్టుకోవడం అదే మొదలు. ఇది బాగా జరిగితే హైదరాబాదు ఫెయిర్‌కి కూడా తీసుకుంటామన్నారట. వారం రోజులు దానికి అన్నం సహించలేదు. దాన్ని చూసి నాకూ సహించలేదు. మా ఆయన మాత్రం ఇద్దరిదీ కలిపి తిన్నారు.

చీపురుపల్లిలో పాసింజరు ఎక్కిన దగ్గర్నుంచీ నాకు ఒకటే క్లాసు.

"అమ్మా, అక్కడ ఏదీ ముట్టుకోకు."

"ముట్టుకోనే."

"ఇదేటి, ఇదెందుకు అని ఎవర్నీ అడక్కు."

"అడగనే తల్లీ."

"బాగోకపోతే మొహం అలా పెట్టకు."

"ఎలాగ?"

"ఇప్పుడు పెట్టేవు సూడు, అలాగ!"

చూశారా, చదువుకున్న పిల్ల కూడా కంగారు పడితే మన మాటలోకే వచ్చేస్తుంది!

సరే, వెళ్ళాం. హారిక ఆ ఫెయిర్ పెట్టినవాళ్ళతో మాట్లాడాలని లోపలికి పోయింది. నేను చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో తిరిగినట్టు తిరుగుతున్నాను. ఒక టీవీలో భావనపాడు సముద్రం చూపిస్తున్నారు. సౌండు లేదు. పడవేదైనా వస్తుందేమోనని పావుగంట నిలబడ్డాను. రాలేదు. అడుగుదామంటే అడగకూడదు కదా. ముందుకు నడిచాను.

అక్కడ కనిపించిందండీ ధాన్యం.

పెద్ద చాప పరిచి, దాని మీద గోనెబస్తా మూతి విప్పి, సగం కుప్ప పోసి పెట్టారు. పైన లైటు. బంగారంలా మెరిసిపోతోంది. మాది ధాన్యం వ్యాపారం. నేను కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ, ముప్పై ఏళ్ళుగా, మా షాపులో బస్తా విప్పితే మొదట చెయ్యి పెట్టేది నేనే. తేమ చూడ్డానికి మా ఆయన మెషీన్ కొన్నారు. అయినా రైతులు "ముందు అమ్మగోర్ని పన్నెయ్యమనండి" అంటారు. నాలుగు గింజలు అరచేతిలో నలిపి, పొట్టు ఊదేసి, కొరికి చూడాలి. టక్‌మంటే ఎండినట్టు. మెత్తగా నలిగిందంటే ఇంకా ఎండ పడాలి. నా పన్నూ, మెషీనూ ఎప్పుడూ ఒకే మాట చెబుతాయి. తేడా వస్తే మా ఆయన మెషీన్నే రిపేరుకిస్తారు!

అంత గర్వం నాకు. అదే నా కొంప ముంచింది.

వెనక్కి కట్టుకున్న చేతులు ఎప్పుడు ముందుకొచ్చాయో నాకు తెలీదు. ఒట్టు! తెలిసేసరికి నలపడం అయిపోయింది, ఊదడం అయిపోయింది, మూడు గింజలు పళ్ళ మధ్యకి వెళ్ళిపోయాయి. టక్. 'భలే ఎండింది' అనుకున్నాను. షాపులో అయితే పక్కకి తుపుక్కున ఊసేస్తాం. ఇక్కడ కింద అద్దంలాంటి పాలరాయి. ఎక్కడ ఊస్తాను? మింగేశాను.

అప్పుడు సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, గోడ మీద కార్డు చదివాను. నాకెప్పుడూ ముందు గింజ, తర్వాతే కాయితం. ఏముందంటే, 'మందు' అని పేరు. దాని కింద: 'మూడేళ్ళలో మా పొలంలో కొట్టిన పురుగుమందులన్నీ కలిపిన నీళ్ళలో ఈ ధాన్యాన్ని ముప్పై రోజులు నానబెట్టాను. మనం తినేది ఇదే.' ఆ కింద ఎర్ర అక్షరాలతో, 'తాకరాదు.'

పురుగుమందు సంగతి మాకు తెలీనిది కాదు. గోదాంలో మందు పెట్టిన రోజు మా ఆయన నన్ను గుమ్మం కూడా తొక్కనివ్వరు. అలాంటిది అన్ని మందులూ కలిపి, నెల రోజులు నానబెట్టినది, కడుపులోకి! బాత్‌రూమ్‌కి పరిగెత్తాను. పుక్కిలించాను. నీళ్ళు చేదుగా ఉన్నాయి! వేలు గొంతులో పెట్టుకుంటే కన్నీళ్ళు వచ్చాయి తప్ప గింజలు రాలేదు. అద్దంలో నాలుక చూసుకుంటే తెల్లగా కనిపించింది. మామూలుగా నా నాలుక ఏ రంగులో ఉంటుందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఏవండీ, బీరువా తాళాలు కందిపప్పు డబ్బాలో ఉన్నాయి."

"ఇప్పుడెందుకే?"

"ఊరికే. సాయంత్రం మాత్ర వేసుకోండి. గేస్ కట్టెయ్యడం మర్చిపోకండి."

"ఏటే, ఎక్కడికైనా వెళ్తన్నావా?"

ఏడుపొస్తుందని పెట్టేశాను. చెబితే ఆయన ఏం చేస్తారో తెలుసు. వెంటనే హారికకి ఫోన్ కొడతారు. అది స్టేజీ ఎక్కబోతోంది. అమ్మ విషం తిందని తెలిస్తే పిల్ల మైకు పడేసి ఏడుస్తుంది. ఇంతలో అదే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"అమ్మా, మొదటి వరసలో కూర్చో. నువ్వు కనిపిస్తే నాకు ధైర్యం."

ఇంకేం చెప్పమంటారు? కూర్చున్నాను. చస్తే ఒంటిగంట తర్వాత చావాలి, ప్రోగ్రామ్ అయ్యాక, అని ముఖలింగేశ్వరుడికి మొక్కుకున్నాను.

ఆ రోజు స్టేజీ మీదికి వచ్చిన ఆర్టిస్టు ఎవరనుకున్నారు? ఆ ధాన్యం తాలూకు కుర్రాడే! పేరు ఢిల్లేశ్వరరావు. శ్రీముఖలింగం దగ్గర పల్లెటూరు, వ్యవసాయ కుటుంబం. సన్నగా, పద్ధతిగా ఉన్నాడు. హారిక మొదటి ప్రశ్న వేసింది. బాగానే వేసింది. అతను మొదలెట్టాడు.

"మందు కొట్టిన రోజు మా నాన్నకి ముందు నాలుక మొద్దుబారేదండి."

నేను నాలుక కొరికి చూసుకున్నాను. మొద్దుగానే ఉంది!

"తర్వాత చెమటలు పట్టేవి."

ఏసీలో నా జాకెట్టు తడిసిపోయింది.

"ఆ తర్వాత కళ్ళు మసకలు కమ్మేవి."

తలెత్తి చూద్దును కదా, ఢిల్లేశ్వరరావు మొహం మసక! హారిక మొహం మసక! అయిపోయింది, నా బిడ్డ మొహం ఇంక నాకు కనిపించదు అనుకున్నాను. నిజంగా ఏడ్చానండీ. పక్కనావిడ నేను ఆర్ట్‌కి కదిలిపోయాననుకుని టిష్యూ ఇచ్చింది. కార్డు చదవడానికి పెట్టుకున్న దగ్గరచూపు కళ్ళజోడు ఇంకా ముక్కు మీదే ఉందని నాకు తట్టనేలేదు.

మాటలు అయ్యాయి. "ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చు" అంది హారిక. ఒక్కరంటే ఒక్కరు చెయ్యెత్తలేదు. వెనక వరసల్లో సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. "ఎవరైనా?" అంది మళ్ళీ. ఆ గొంతు నాకు తెలుసు. చిన్నప్పుడు పుట్టినరోజుకి పిల్లలెవరూ రాకపోతే వీధి గుమ్మంలో నిలబడి "ఎవరూ రారా అమ్మా" అన్న గొంతు అది. ఒక పక్క ప్రాణభయం, ఒక పక్క ఆ గొంతు. చెయ్యెత్తేశాను. మైకు నా చేతికొచ్చింది.

"బాబూ, తెలీక ఎవరైనా ఆ గింజలు నోట్లో పెట్టుకుంటే ఏమవుతుంది?"

"అలా ఎవరూ పెట్టుకోరండి" అన్నాడు నవ్వుతూ.

"పెట్టుకున్నారే అనుకో."

"ఎన్ని గింజలండి?"

"మూడు."

అతని నవ్వు ఆగిపోయింది. ఫోన్లు చూసుకునేవాళ్ళు కూడా తలలెత్తారు.

"మూడని అంత కరక్టుగా ఎలాగ సెప్తన్నారండీ?"

నేను నోరు తెరిచేలోగా హారిక తన మైకులోనే, హాలు దద్దరిల్లేలాగ, "అమ్మా!" అంది.

నన్ను కన్నందుకు మా అమ్మ, హారికని కన్నందుకు నేను, ఇద్దరం భూమిలోకి దిగిపోవాలి అప్పుడు. మూడొందల కళ్ళు నా మీద. ఇంక దాచేదేముంది? "కొరికాను బాబూ, మింగాను కూడా. పదకొండున్నరకి. నాలుక మొద్దుబారింది, చెమటలు పట్టాయి, చూపు కూడా పోయింది. నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళండి, కానీ మా అమ్మాయి ప్రోగ్రామ్ ఆపకండి" అని ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఢిల్లేశ్వరరావు వెనక వరసల వైపు చూశాడు. అప్పుడు హాలు చివర్నుంచి ఒక ఆడగొంతు లేచింది.

"మందూ లేదు, మాకూ లేదు! కూకోండమ్మా, మీకేటీ కాదు!"

చూస్తే నేత చీర కట్టుకున్నావిడ, నా ఈడే ఉంటుంది, వరసల మధ్యలోంచి గబగబా నడిచి వస్తోంది. ఢిల్లేశ్వరరావు వాళ్ళ అమ్మ! కొడుకుని స్టేజీ మీద చూసుకుందామని నాలాగే వచ్చింది పాపం.

"ఒరే డిల్లేసూ, ఆయమ్మ పేనం పోతన్నాదని వొణికిపోతంటే సెప్పవేటిరా? తిండిగింజకి ఇసం కలుపుతానన్నాడండి ఈడు! కలిపితే సేతులిరగ్గొడతానన్నాను. అది మా పొలంలో పండిన మంచి దాన్యం, నేనే ఎండబెట్టినాను. ఈడు కాయితం మీద రాసుకున్నాడంతే!"

"అమ్మా, అది కాన్సెప్టే!" అన్నాడు కొడుకు, సిగ్గుపడుతూ.

"ఏటో నాకు తెల్దు. గింజ మాత్రం మంచిది."

నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుక కదిలింది. చెమట ఆరింది. పక్కనావిడ నా ముక్కు మీది కళ్ళజోడు తీసి చేతిలో పెడితే చూపు కూడా వచ్చేసింది! ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఢిల్లేశ్వరరావు వాళ్ళమ్మ నా పక్కనే కూలబడి, వీపు నిమురుతూ, నా చేతిలో మైకు ఇంకా ఆన్‌లోనే ఉందని ఇద్దరికీ తెలీక, మెల్లిగా అడిగింది.

"అయితే అమ్మా, కొరికితే ఎలాగున్నాది?"

"టక్‌మంది."

"టక్కుమందా! మరి ముప్పై రోజులు నానిన దాన్యం టక్కుమంటాదేటి? మొలకొచ్చీదా, కుళ్ళిపోయీదా? ఈ హాలంతా కంపు కొట్టీదా కాదా? పట్నం మనుసులు, మీకు తెల్దులే. ఏటి సేస్తారమ్మా తమరు?"

చెప్పక తప్పలేదు.

"ధాన్యం వ్యాపారం."

స్పీకర్లలో వినబడిందండీ. హాలు హాలంతా పగలబడి నవ్వింది. ఢిల్లేశ్వరరావు కూడా నవ్వాడు. మా హారిక కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, "మా అమ్మగారండీ" అని అందరికీ పరిచయం చేసి, ఢిల్లేశ్వరరావు వాళ్ళమ్మని స్టేజీ ఎక్కించి, "మీ అబ్బాయి రాసినది అబద్ధమేనా మరి?" అని అడిగింది. అక్కడ్నుంచి చూడాలి! అబద్ధమని కొందరు, కాదని కొందరు, మందు కొట్టని పొలం ఎక్కడుందో చూపించమని ఒకాయన. భోజనాలకి లేవమన్నా ఎవరూ లేవలేదు. హారికకి హైదరాబాదు ఖాయమైంది. నాకు మాత్రం టికెట్ తియ్యనంది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వి ఊరుకుంటే సరిపోయేది. మర్నాడు షాపుకొచ్చిన ప్రతి రైతుకీ కూర్చోబెట్టి మరీ చెప్పారు. ఇవాళ పొద్దున్న ఒకాయన బస్తా దించాడు. నలిపాను, ఊదాను, కొరికాను.

"తేమ ఉన్నాది నాయనా, ఇంకో ఎండ పడాలి" అన్నాను.

అతగాడు తలగుడ్డ విప్పి, తాపీగా మొహం తుడుచుకున్నాడు.

"అమ్మగోరూ, అది పన్ను సెప్పినాదా, కాయితం సదివినారా?"