మా ఫోన్లు ఎత్తిన మూసాపేట ఆవిడ

మూసాపేట నుంచి ఎవరో వచ్చారని ముందుగా చెప్పింది మా వాచ్‌మన్ భార్య యాదమ్మ. వచ్చినావిడ జాకెట్లు కుట్టే మనిషి. కొలతల పుస్తకం తెరిచి చదివింది: "దవాఖానోళ్లు ఫోన్ చేసిండ్రు. మీ అమ్మ గుండె ఆపరేషన్ ఎల్లుండి కాదంట, రేపే. పొద్దుగాల ఏడింటికి తీస్కరమ్మన్నరు."

అమ్మతో ఆసుపత్రికి తిరుగుతున్నాను కదా అని, ఇంటర్నెట్ కనెక్షన్‌తో ఇచ్చిన ఇంటి ఫోనుకు వచ్చే కాల్సన్నీ నా సెల్లుకు మళ్లించమని ఆ కంపెనీకి చెప్పాం. కంపెనీవాళ్లు ఒక అంకె తప్పు వేశారు. వారం రోజులు మా ఫోన్లన్నీ ఆవిడే ఎత్తింది. "జర ఆగుండ్రి, రాసుకుంట" అంటూ ప్రతి కబురూ కొలతల పక్కనే రాసింది. మా పిన్ని ఫోన్ చేస్తే మా కొండాపూర్ అడ్రసూ అడిగి రాసుకుంది.

ఆవిడ కంపెనీకి చెబితే "మీరు మా కస్టమర్ కాదు" అన్నారట. ఫోన్లు రావడం లేదని అంతకుముందు నేను చెబితే "కనెక్షన్ మీవారి పేరున ఉంది, ఆయన్ని చెయ్యమనండి" అన్నారు. ఇప్పుడు ఆవిడ ఎదుటే కంపెనీకి మళ్లీ చేశాను.

"సిస్టమ్‌లో అంతా కరెక్ట్‌గానే ఉంది మేడమ్."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మాత్రం యాదమ్మ చేత మా ఇంటి నంబరు నొక్కించింది. మా ఫోన్ ఉలకలేదు. మోగుతున్న తన ఫోన్‌ని ఆవిడ నా సెల్లు దగ్గర పెట్టింది.

"ఇనవడ్తుందా సారూ? గిది నాది. ఇగ చెప్పు, ఏది కరెక్టు?"

అవతలివాడు నా సెల్ నంబరు ఒక్కో అంకె మళ్లీ అడిగి రాసుకున్నాడు. సాయంత్రానికి సరిచేసి, చింతిస్తున్నామని నాకు మెసేజ్ పంపారు. వారం పాటు వాళ్ల పని చేసిన ఆవిడకు ఒక్క ముక్కా పంపలేదు.

మర్నాడే ఆపరేషన్ జరిగి, దేవుడి దయవల్ల అమ్మ కోలుకుంది. మీరు దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు, మూసాపేటలో మిషన్ ముందు కూర్చున్న ఆవిడని ఒక్కసారి తలుచుకోండి.