ఒళ్లు జాడించని మేకపోతు

కిందటి బుధవారం నాందేడ్‌లో మా ఇంట్లో ఆడవాళ్ల ప్రార్థన కూటం జరిగినప్పుడు, బైబిలు వాక్యం వరుసగా చదువుకుంటూ వస్తున్న మా చిన్న కోడలు మోషే కాలపు బలుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి, ఈ కొవ్వు, బూడిద, రక్తం చల్లడం మనకెందుకు, ఈ పేజీలు దాటేద్దామా అత్తయ్యా అని అడిగింది; మిగతా అమ్మాయిలు హమ్మయ్య అన్నట్టు తలలూపారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. నా చిన్నతనంలో, ధర్మాబాద్ దగ్గరి పల్లెలో, మా ఇంట్లో అన్నిటికంటే శ్రద్ధగా విన్న పాఠాలు అవే, విన్న మనిషి అప్పటికి క్రైస్తవురాలు కూడా కాదు. ఆమె మా బాపమ్మ, అంటే మా బాపును, నాన్నను, కన్నతల్లి.

ఆ రోజుల్లో పిల్లకు పెద్ద జ్వరం తగులుకుంటే ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో దిక్కుకు మొక్కేవారని నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. నాకు విషజ్వరం వచ్చి మాట పడిపోయినప్పుడు మా బాపు నన్ను మిషన్ ఆసుపత్రిలో చేర్చి, అక్కడి నర్సమ్మ ప్రార్థన చేస్తుంటే తానూ మోకాళ్లూనాడు. ఇటు ఊళ్లో బాపమ్మ పోచమ్మ ముందు కొంగు పరిచి, పిల్ల బతికితే మేకపోతునిస్తానని మొక్కుకుంది. నేను బతికాను. ఎవరి మొర వల్ల బతికానో మాత్రం మా ఇంట్లో తేలలేదు. బాపు, అమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. బాపమ్మ సంతకు వెళ్లి మేకపిల్లను తెచ్చింది.

దాని చెవి చిరగకూడదు, కాలు కుంటకూడదు, కంట్లో పువ్వు ఉండకూడదు అని, నోరు తెరిచి, గిట్టల మధ్య వేలు పెట్టి, అమ్మేవాడి ఓపిక నశించేదాకా చూసి మరీ తెచ్చిందట. ఇంటి వెనక గుంజకు కట్టి మాకంటే ముందు దానికి మేత వేసేది. నాకు దక్కని జొన్నరొట్టె ముక్కలు దానికి దక్కేవి, అందుకు నాకు దానిమీద కుళ్లు.

అది ఎదిగాక, వానాకాలంలో పోచమ్మ పండుగనాడు, బాపు రానంటే ఆమె ఒక్కతే దాన్ని తోలుకుపోయింది, నేను వెనకాలే పోయాను. మావైపు పద్ధతి ఏమిటంటే, మేక మీద పసుపునీళ్లు చల్లి ఆగాలి. అది ఒళ్లు జాడిస్తే, అంటే వణికినట్టు ఒళ్లంతా విదిలించుకుంటే, ఒప్పుకున్నట్టు, అమ్మవారు అందుకున్నట్టు. జాడించేదాకా కత్తి ఎత్తకూడదు. మా పోతు జాడించలేదు. నీళ్లు చల్లారు, మళ్లీ చల్లారు, చివరికి చెంబెడు కుమ్మరించారు. వీపు మీదుగా నీళ్లు కారిపోతుంటే అది తాపీగా ఎవరి బోనం కుండకో చుట్టిన వేపమండను లాక్కుని నములుతూ నిలబడింది. పూజ చేసే పెద్దాయన విసుగెత్తి వచ్చే ఏడు తెమ్మని తిప్పి పంపాడు.

ఆనాటినుంచి బాపమ్మకు కంటిమీద కునుకు లేదు. కొడుకు దేవుణ్ణి మార్చినందుకు అమ్మవారు అలిగిందని, మొక్కు తీరలేదు కాబట్టి నా ప్రాణం ఇంకా దక్కనట్టేనని ఆమె భయం. నేను తుమ్మితే చాలు, చేతిలో పని వదిలేసి వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. బాపు ఎంత కసిరినా ఆమెది ఒకటే మాట: "మాటిచ్చింది నేను, పొయ్యేది పిల్ల. నీకేమెర్క?"

శుక్రవారం సాయంత్రాలు అయ్యగారు, అంటే మా పాస్టరు, సైకిలు మీద వచ్చి మా వాకిట్లో వాక్యం చెప్పేవారు. బాపమ్మ మావైపు వీపు పెట్టి, పోతు పక్కన బియ్యం చెరుగుతూ కూర్చునేది. ఒకనాడు ఆయన ఇశ్రాయేలీయుల బలుల సంగతి ఎత్తుకుని, వాళ్లు ఏ లోపమూ లేని జంతువునే తేవాలని, తెచ్చినవాడు దాని తలమీద చెయ్యి ఉంచాలని చెబుతుంటే చేట చప్పుడు ఆగిపోయింది. ఆమె మెల్లగా ఇటు తిరిగింది. ఇక ప్రశ్నలే ప్రశ్నలు: ఏ మాంసం ఎవరికి పోతుంది, రక్తం ఎందుకు తినకూడదు, పేదవాళ్లు ఏం తెచ్చేవాళ్లు? పావురాలు తెచ్చేవాళ్లని వినగానే ఆమె ముఖం విప్పారింది. అయ్యగారు కూడా సంబరపడిపోయారు, ఎందుకంటే ఆ పాఠం చెబితే ఆవలించేవాళ్లే గాని అడిగేవాళ్లు ఆయనకు అప్పటిదాకా తగల్లేదు. చివరికి ఆమె తన గుండెల్లో ఉన్నది అడిగింది.

"చెయ్యి పెట్టిండ్రు, బాగనే ఉంది. గని దాన్ని అడిగిండ్రా అయ్యా? అది ఒళ్లు జాడిచ్చేదాక ఆగిండ్రా?"

అలాంటిది తానెక్కడా చదవలేదని, ఆలోచించి చెబుతానని ఆయన వెళ్లిపోయారు. మరుసటి శుక్రవారం సైకిలు దిగుతూనే తిన్నగా పోయి ఆమె ఎదుట కూర్చున్నారు. ఆ మేకలను, కోడెలను ఎవరూ అడగలేదని, అందుకే వాటిని ఏటేటా కోయవలసి వచ్చిందని, ఎన్ని కోసినా మనిషి లోపలి తప్పు కడుక్కుపోలేదని చెప్పారు. చిట్టచివర బలిగా వచ్చిన దేవుని కుమారుణ్ణి ఒక్కణ్ణి మాత్రం అలా అడగడం జరిగిందని, తోటలో మోకాళ్లూని, ఈ గండం తప్పితే బాగుండునని తండ్రిని వేడుకుని, చెమటలు కారగా, ఆ పైన నీ ఇష్టమే కానిమ్మని ఆయన తనంతట తానే లేచి సిలువకు వెళ్లాడని చెప్పారు.

బాపమ్మ పోతు వీపు నిమిరింది.

"వణికిండా?" అని అడిగింది.

"వణికిండమ్మా."

"గట్లయితే ఒప్పుకున్నట్టే. గది మా పిల్లకు గుడ సరిపోతదా?"

సరిపోతుందని అయ్యగారు అన్నారు. మర్నాడు ఆమె ఒక్కతే పోచమ్మ దగ్గరికి వెళ్లొచ్చింది. అక్కడ ఏం చెప్పుకుందో ఎవరికీ చెప్పలేదు, వస్తూనే పోతు మెడలో తాడు విప్పేసింది. మొక్కిన జీవాన్ని అమ్మకూడదంది; అది మా ఇంట్లోనే, దండెం మీది బట్టలు నములుతూ, ముసలిదై పోయింది.

ఆ చలికాలమే నాందేడ్ గోదావరిలో బాపమ్మ బాప్తిస్మం తీసుకుంది. అయ్యగారు నీళ్లలో ముంచి లేపగానే తలనుంచి పాదాలదాకా ఒక్కసారి ఒళ్లంతా జాడించింది. పళ్లు టకటకలాడుతుంటే గట్టు మీదున్న నా వైపు తిరిగి, "సూసినవా పిల్లా, నేను జాడిచ్చిన!" అని నవ్వింది. ఆ తరువాత నేను తుమ్మినా ఆమె నుదురు తడమలేదు. నాకది వెలితిగా తోచి, కావాలని తుమ్మి చూసిన రోజులూ ఉన్నాయి.

మొన్న ఆ పేజీలు దాటనివ్వలేదు నేను. ఈ కథంతా చెప్పి మరీ చదివించాను. అమ్మాయిలు నోళ్లు తెరుచుకుని విన్నారు, పాపం, వాళ్లకు మాంసమంటే నల్ల కవరులో ఇంటికొచ్చేది, మేక ముఖం ఎరగరు. మా చర్చిలోనూ ఇప్పుడు టైల్స్ వేసిన తొట్టి ఉంది, గీజరు నీళ్లు నింపుతారు, నా మోకాళ్లతో గోదావరి మెట్లు దిగలేను గనుక నేనూ వద్దనలేదు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఆ గోరువెచ్చని నీళ్లలోంచి హాయిగా, నిమ్మళంగా లేచి వస్తారు. వాళ్లు మనసారా ఒప్పుకోలేదని నేననను. అయినా ఒక్కొక్కరు పైకి లేచినప్పుడల్లా, ఒళ్లు జాడిస్తారేమోనని నేను ఇప్పటికీ వాళ్ల భుజాల వంకే చూస్తుంటాను.